మూల మంచం దగ్గర గుటకలు

ఆ వార్డులో మూల మంచం మంచిది కాదని అందరికీ తెలుసు. నడుచుకుంటూ వచ్చినవాళ్లు కూడా దానిమీద పడుకున్న రెండుమూడు రోజులకే చలితో వణికిపోయేవారు. ఒళ్లు పెనంలా కాలేది. ఏ మందూ పనిచేసేది కాదు. రాత్రిళ్లు ఆ పక్కనే ఎవరో గుటకలు వేస్తున్న చప్పుడు... దెయ్యం రోగి రక్తం తాగుతోందనేవారు ఆయాలు. ఆస్పత్రి పెద్దాయన మాత్రం మంచానికి కొత్త రంగు వేయించి చేతులు దులుపుకున్నాడు, మహానుభావుడు.

మా పిన్ని ఆ వార్డులోనే నర్సు. ఆవిడ చెప్పిందే నేను చెబుతున్నా. దెయ్యం మాటెత్తితే చాలు, ఎవరినైనా కసిరేది. తీరా బాబాయికి పేగు ఆపరేషనయ్యి, ఆ మంచం ఒక్కటే ఖాళీగా ఉందనేసరికి ఆవిడకే భయం పట్టుకుంది.

"నీ దగ్గరికి ఈగను కూడా రానివ్వను," అని బాబాయి చెవిలో చెప్పి, స్టూలు వేసుకుని కాపలా కూర్చుంది.

తుడవడానికొచ్చిన ఆయాను వెళ్లగొట్టింది. చూడ్డానికొచ్చిన తోడికోడలిని గుమ్మంలోనే ఆపేసింది. మంచం పక్కనున్న సింకులో మాటిమాటికీ చేతులు రుద్ది కడుక్కుని, ఆ తడి చేతులతోనే బాబాయి మెడలో గుచ్చిన సెలైన్ గొట్టం సర్దేది. ఇంజెక్షన్ సీసాల్లో మిగిలిన మందును, ఆ వార్డులో అందరిలాగే, ఆ సింకులోనే పారబోసేది.

పారబోసిన కాసేపటికి — గుటుక్... గుటుక్...

పిన్ని మంచం కింద వెతికేది. ఎవరూ లేరు.

మూడో రాత్రి బాబాయి పళ్లు టకటకలాడాయి.

"చలేస్తోందే..." అన్నాడు.

ఆ తర్వాత మాట లేదు. ఉన్న మందులన్నీ ఎక్కించారు. ఒక్కటీ పనిచేయలేదు. మర్నాడు చీకటిపడేసరికి బాబాయి పోయాడు.

అప్పుడు, అంతా అయ్యాక, ల్యాబ్ ఆయన వచ్చి సింకు విప్పించాడు. గొట్టం నిండా నల్లటి జిగురు. బాబాయి రక్తంలో దొరికిన క్రిమే అందులోనూ ఉంది.

"మీరంతా పారబోసిన మందులు తాగి తాగి రాటుదేలింది సిస్టర్. ఇప్పుడు దానికి ఏ మందైనా మంచినీళ్లే," అన్నాడాయన గొంతు తగ్గించి. "కుళాయి తిప్పినప్పుడల్లా పైకి చిందుతుంది. కానీ మంచం దాకా అది నడిచి రాలేదు కదా... ఎవరి చేతులకో అంటుకుని వచ్చుంటుంది. ఆయన దగ్గరికి ఎవరెవరు వచ్చారు?"

పిన్ని తన చేతులు చూసుకుంది. చాలాసేపు చూసుకుంది.

"ఎవర్నీ రానివ్వలేదు... నేనొక్కదాన్నే," అంది.