ఐదు నిమిషాల బండి

డ్రైవరమ్మ సగం నిద్రలోనే స్టవ్ వెలిగించి కాఫీకి నీళ్లు పెట్టింది. వంటింటి బల్ల దగ్గర అత్తగారు అప్పటికే కూర్చుని ఉన్నారు. ఆ వయసులో ఆవిడకు నిద్ర పట్టదు. ఈ వయసులో కోడలికి నిద్ర చాలదు.

ఆ ఇంట్లో మొగుడూపెళ్లాలకు ఒకటే టాక్సీ. పొద్దున్నుంచి మధ్యాహ్నం దాకా ఆయన నడుపుతాడు, అప్పట్నుంచి రాత్రి బాగా పొద్దుపోయేదాకా ఆమె. వీధిలో వాళ్లు ఆయన్ని గ్యాసు మాస్టారంటారు. తన బండి హైడ్రోజన్‌తో నడుస్తుందని, వెనక గొట్టంలోంచి పొగ కాదు, నీళ్ల చుక్కలు పడతాయని ఎక్కిన ప్రతివాడికీ పాఠం చెప్పందే దింపడు మరి.

తలుపు చప్పుడైంది. చీకటితోనే వెళ్లిన మనిషి ఉసూరుమంటూ తిరిగొచ్చి కుర్చీలో కూలబడ్డాడు.

"గ్యాసు దొరకలేదా?" అంది ఆమె.

"నా ముందు బండికి, గ్యాసు చల్లదనానికి పంపు మూతి గడ్డకట్టి అతుక్కుపోయింది. దాన్ని ఊడదీసేసరికి మిషనే ఆగిపోయింది. మధ్యాహ్నం రమ్మన్నారు."

"ఇంకో పంపుకి వెళ్లకపోయారా?"

"అది మూసేశారుగా."

ఆమె కాఫీ గ్లాసు ఆయన ముందు పెట్టింది. ఎన్నాళ్లుగానో నోటి దాకా వచ్చి ఆగిపోతున్న మాట ఆ పూట ఆగలేదు.

"ఈ నెలతో బండి అద్దె గడువు అయిపోతుంది. కంపెనీవాళ్లు దీని బదులు బ్యాటరీ బండి ఇస్తామంటున్నారు. తీసుకుందామండీ."

"మళ్లీ మొదలెట్టావా? మనది ఐదు నిమిషాల్లో నిండుతుంది. అదైతే గంటసేపు తాడు కట్టిన గేదెలా నిలబడాలి. చలికాలం వస్తే సగం దూరానికే నీరసపడిపోతుంది."

"ఐదు నిమిషాల పని కోసం పొద్దుటంతా లైన్లో ఉన్నారు కదా."

"ఈ ఒక్కరోజుకేగా."

"నిన్న?"

ఆయన గ్లాసు అందుకుని కాఫీ ఊదుకున్నాడు. అత్తగారు గొంతు సవరించుకున్నారు.

"ఒరేయ్, నాకు తెలీక అడుగుతాను. ఆ గ్యాసు దేంతో చేస్తారు?"

"కరెంటుతో నీళ్లని విడగొట్టి తీస్తారమ్మా. అన్నిచోట్లా కాదులే, కొన్నిచోట్ల."

"బండిలోకి వెళ్లాక అదేమవుతుంది?"

"మళ్లీ కరెంటవుతుంది."

"ముక్కేదిరా అంటే తలచుట్టూ తిప్పి చూపించాడట నీలాంటివాడే. ఆ కరెంటేదో తిన్నగా బండికే పెట్టొచ్చుగా?"

డ్రైవరమ్మ నవ్వు ఆపుకుంది. ఆయనకు మాత్రం నవ్వు రాలేదు.

"మీకేం తెలుసు? విమానాశ్రయం బేరం తగిలితే ఒక్క నింపుడుతో రెండుసార్లు వెళ్లొస్తాను. బండి నిలబడితే ఇల్లు నిలబడిపోతుంది. నేను నిలబెట్టను." బల్ల మీద చరిచిన చరుపుకి కాఫీ ఒలికింది.

ఆమె గుడ్డ తెచ్చి తుడిచింది. తుడుస్తూనే, గొంతు పెంచకుండా అంది.

"మొన్న సిగ్నల్ దగ్గర నిద్రపోయాను."

ఆయన తలెత్తాడు.

"వెనక సీట్లో ఒకావిడ పసిబిడ్డతో ఉంది. ఆవిడే భుజం తట్టి లేపింది. ఏమీ అనలేదు. దిగేటప్పుడు మాత్రం, ఇంటికెళ్లి పడుకోండమ్మా అంది. నేనింకో బేరం ఎక్కించుకున్నాను."

"నాకెందుకు చెప్పలేదు?"

"ఎప్పుడు చెప్పమంటారు? తాళాలు చేతులు మారేటప్పుడా? మీరు దిగుతారు, నేనెక్కుతాను. రోజూ ఇద్దరం ఒకే సీట్లో కూర్చుంటున్నాం. పక్కపక్కన కూర్చుని ఎన్నాళ్లయిందో మీకు గుర్తుందా?"

ఆయన అరచేతులతో మొహం రుద్దుకున్నాడు.

"ఖాళీగా కూర్చోవాలంటే నాకు భయం. నేను పనిచేసే ఫ్యాక్టరీ మూసేసినప్పుడు ఏడాది పాటు ఈ కుర్చీలోనే కూర్చున్నాను. నువ్వు పనికి వెళ్తుంటే కిటికీలోంచి చూస్తుండేవాణ్ణి. మళ్లీ అలా బతకలేను. బండి పరిగెడుతుంటే నేను పనికొస్తున్నానని అనిపిస్తుంది."

అత్తగారు కొడుకు చేతిని తన ఒళ్లోకి లాక్కున్నారు.

"పిచ్చి సన్నాసీ, ఆ ఏడాదేరా నేను రెండు పూటలా వేడిగా తిన్నది. నాతో ఒక మనిషి కూర్చుని మాట్లాడిందీ అప్పుడే. నా మోకాలికి రోజూ నూనె రాసిందెవరు? ఇది పనినుంచి వచ్చేసరికి నువ్వు వేన్నీళ్లు కాచి ఉంచేవాడివి. నీకు గుర్తులేదు గానీ, అప్పుడు ఈ ఇంట్లో నవ్వులుండేవి."

ఆయన భార్య వంక చూశాడు. ఆమె గుడ్డ పిండుతూ అవునన్నట్టు తలాడించింది. తను తలవంపులనుకుని దాచుకున్న ఆ ఏడాదిని వీళ్లిద్దరూ ఇంత భద్రంగా దాచుకున్నారని ఆయనకు అప్పుడు తెలిసింది. కళ్లు తుడుచుకోవడానికి చొక్కా చెయ్యి సరిపోలేదు.

ఆ వారాంతంలో ముగ్గురూ వెళ్లి బ్యాటరీ బండి తెచ్చుకున్నారు. ఆ ఒక్క పూటకూ బేరాలు వద్దనుకున్నారు. కొడుకూ కోడలూ నడిపే బండిలో అత్తగారు కూర్చోవడం అదే మొదటిసారి. ఇన్నాళ్లూ వెనక సీటు బేరాలకే సరిపోయింది. దారిపొడుగునా ఆయన సణుగుతూనే ఉన్నాడు. "లారీలకీ దూరప్రయాణాలకీ గ్యాసే మేలు, నా మాట రాసిపెట్టుకోండి." ఆడవాళ్లిద్దరూ సరేనన్నారు.

దుకాణాల వెనక ఖాళీ స్థలంలో చార్జింగ్ స్తంభం దగ్గర బండి ఆపి తీగ తగిలించారు. ముప్పావుగంట పడుతుందని తెర మీద కనిపించింది. ఆయన నిట్టూర్చి సీటు వెనక్కి వాల్చాడు. పక్క సీటులో ఆమె కూడా వాల్చింది. ఏదో చెప్పబోయి ఆయన భుజం మీదికి ఒరిగి, మాట మధ్యలోనే నిద్రపోయింది. ఆ వెంటనే ఆయనా కళ్లు మూశాడు.

మధ్యాహ్నపు ఎండ అద్దం మీదినుంచి పక్కకు జరిగింది. తెర మీద పచ్చ దీపం వెలిగింది. వెనక కాచుకున్న బండి ఆసామి దిగివచ్చి కిటికీ మీద మెల్లగా తట్టాడు.

"అమ్మా, మీ బండి నిండిపోయిందండీ. కాస్త తీయిస్తారా?"

అత్తగారు అద్దం దించి, పెదవుల మీద వేలు పెట్టుకున్నారు.

"బండిది అయిపోయింది నాయనా. వీళ్లిద్దరిదీ ఇప్పుడే మొదలైంది. కాసేపు ఆగుతావా?"

అతను ముందు సీట్లోకి తొంగిచూశాడు. తలూపి, అడుగుల చప్పుడు కాకుండా వెనక్కి వెళ్లాడు.