చెయ్యి తీయండి సార్

పటేల్‌గూడలోని ఆ ఇంట్లో పొద్దున ఏడు కాకముందే బీరమ్మ గొంతు మొదలవుతుంది. ఆ రోజూ అంతే. బస్సు పోతుందని కేకలేస్తూనే భర్త మొగులయ్య చొక్కాకు గుండీలు పెట్టి, గ్లాసులో సగం టీ పోసి చేతికిచ్చింది. కూతురు సుమిత్ర తల దువ్వుకుంటూ నవ్వింది.

“నాయినేమన్న పెండ్లికొడుకా అమ్మా, గుండీలు నువ్వు పెట్టుడేంది? నాకు నిండ పోసి ఆయనకు సగం పోసుడేంది?”

“ఆయనకు సగమే సాలు. నీ పని నువ్వు సూస్కో.”

మొగులయ్య తలెత్తలేదు. రెండు చేతులతో గ్లాసు పట్టుకుని తాగేసి, గడ్డపోతారం పోయే కంపెనీ బస్సు కోసం గబగబా బయటికి నడిచాడు. అక్కడి మందుల ఫ్యాక్టరీ స్టోర్స్‌లో ఆయనది ఇరవై మూడేళ్ల ఉద్యోగం. సుమిత్రదీ అదే కంపెనీ. కాకపోతే సనత్‌నగర్ హెడ్డాఫీసులో, కంప్యూటర్లు మొరాయిస్తే ఫోనెత్తే సీటు. ఆమె చేరిన రోజే తండ్రి ఒక మాట తీసుకున్నాడు.

“నువ్వు నా బిడ్డవని ఆడ ఎవ్వలకు చెప్పకు. నేనేమన్న తప్పు చేస్తే నిన్ను అంటరు.”

అందుకే ఫోన్లో ఆయన ఆమెకు సార్, ఆమె ఆయనకు మేడమ్. మొదట్లో ఇంటికొచ్చాక ఇద్దరూ ఆ సంగతి తలచుకుని నవ్వుకునేవాళ్లు.

నాలుగు నెలల కిందట, అంటే 2007 ఎండాకాలం మొదట్లో, స్టోర్స్ రిజిస్టర్లన్నీ మూలకు పోయి కంప్యూటర్ లెక్కలు వచ్చాయి. అసలు కంప్యూటర్ సనత్‌నగర్‌లో ఉంటుంది. గడ్డపోతారంలో కనిపించేది దాని తెర మాత్రమే. ఇక్కడ మౌస్ కదిపితే ఆ కదలిక ఫోను లైను మీద అక్కడికి పోయి, మళ్లీ ఇక్కడి తెర మీదికి రావాలి. లైను నెమ్మదిస్తే తెర మీది బాణం గుర్తు ఒకచోట ఆగి మరోచోట తేలుతుంది. మొగులయ్య ఫిర్యాదూ అదే. “బాణం నిలుస్తలేదు మేడమ్. ఒక వరుస మీద నొక్కితే ఇంకోటి పడుతుంది.”

సుమిత్ర చేయాల్సినవన్నీ చేసింది. లైను చూసింది. బాణం వేగం తగ్గించింది. కొత్త మౌస్ పంపించింది. మూడోసారీ అదే ఫిర్యాదు వచ్చేసరికి ఆమెకు విసుగొచ్చింది. యంత్రంలో లోపం లేదు, వాడే మనిషికి మౌస్ పట్టుకోవడం రాదు అని రాసి ఫిర్యాదు మూసేసింది. ఆ సీట్లో కూర్చున్నవాళ్లందరూ రాసే మాటే అది. రాసిన మాట ఎక్కడెక్కడికి పోతుందో ఎవరు చూస్తారు?

సగం టీ తాగి వెళ్లిన ఆ రోజు సాయంత్రం మొగులయ్య మడతపెట్టిన కంపెనీ కాగితంతో ఇంటికొచ్చాడు. సుమిత్ర తీసుకుని చదివింది. తెర మీద నొక్కాల్సిన దానికి పై వరుస నొక్కినందుకు ఒక మందు డ్రమ్ములకు బదులు వేరే డ్రమ్ములు లారీ ఎక్కాయి. గేటు దగ్గర పట్టుకున్నారు కాబట్టి సరిపోయింది. మూడు రోజుల్లో సంజాయిషీ ఇవ్వకపోతే స్టోర్స్ నుంచి తీసి డ్రమ్ములు కడిగే పనికి మారుస్తారు. కింద ఆమె రాసిన మాటే ఉంది, అక్షరం పొల్లుపోకుండా.

తప్పు చేసినవాళ్లకే కోపం ముందు వస్తుంది కాబోలు, ఆమె గొంతు పెరిగింది.

“ఎన్నిసార్లు చెప్పిన నాయినా, గట్టిగ పట్టుకోవద్దని, మెల్లగ జరపాలెనని?”

“చెప్పినవ్ బిడ్డా.”

“మరి ఏంది గిది? గంతంత డ్రమ్ములు లేపినోనివి, గింతంత మౌస్ నడిపియ్య రాదా? నేర్చుకోవాలని ఉంటే కదా!”

“నోరు మూస్తవా లేదా?” బీరమ్మ వంటింట్లోంచి దూసుకొచ్చింది. ఇంకేదో చెప్పబోయింది. మొగులయ్య ఆమె వైపు ఒక్క చూపు చూశాడు. ఆమె కొంగు నోటికి అడ్డం పెట్టుకుని వెనక్కి తిరిగింది.

“బిడ్డ చెప్పింది సరే ఉంది. నాకే వస్తలేదు,” అన్నాడాయన. ఆ పూట అన్నం తినలేదు.

మర్నాడు పదకొండింటికి ఫోన్ మోగింది. “మేడమ్, స్టోర్స్ నుంచి. జెర సూడుండ్రి.”

సుమిత్ర ఆయన తెరను తన తెర మీద తెరిచింది. ఈసారి విసుగు పక్కన పెట్టింది. ఒక్కొక్కటీ తేల్చాలనుకుంది.

“చెయ్యి తీయండి సార్. మౌస్ వదిలేయండి.”

బాణం ఆగిపోయింది. రాయిలా కదలకుండా ఉంది. అదే లైను మీద సుమిత్ర ఇక్కడి నుంచి తన మౌస్ కదిపింది. బాణం తిన్నగా పోయి, నొక్కాల్సిన వరుస మీదే నిలిచింది. లైనులో లోపం లేదు, తెరలోనూ లేదు.

“ఇప్పుడు పట్టుకోండి సార్. కదపకండి.”

బాణం వణకడం మొదలుపెట్టింది. లైను మందగిస్తే ఆగుతుంది, దూకుతుంది. ఇది ఆగలేదు, దూకలేదు. ఉన్నచోటే సన్నగా, ఎడతెగకుండా, జ్వరమొచ్చిన మనిషిలా వణుకుతోంది.

“కదుపుతున్నారా సార్?”

“లేదు మేడమ్. ఊకెనే చెయ్యి పెట్టిన.”

సుమిత్రకు సగం గ్లాసు టీ గుర్తొచ్చింది. చొక్కా గుండీలు గుర్తొచ్చాయి. రెండు చేతులతో గ్లాసు పట్టుకున్న తండ్రి, నిన్న కొంగుతో నోరు మూసుకున్న తల్లి గుర్తొచ్చారు. నాలుగు నెలలు వందల సార్లు ఆ బాణాన్ని చూసింది. ఆ చెయ్యిని ఒక్కసారీ చూడలేదు.

“ఎన్ని దినాల నుంచి నాయినా?” ఆఫీసు భాష ఎటు పోయిందో ఆమెకే తెలియదు. పక్క సీటువాళ్లు తిరిగి చూశారు.

మొగులయ్య గొంతు తగ్గించాడు. “ఏడాదయింది. ఎవరికన్న తెలిస్తే తీసేస్తరని... ఫోన్ల వద్దు మేడమ్. ఎవరన్న వింటరు.”

“విననీ!” అని ఏడ్చేసింది సుమిత్ర.

ఏడుస్తూనే పని చేసింది. ఆ రోజు సరుకుల పట్టీ ఆయన ఫోన్లో చదివాడు, ఆమె ఇక్కడి నుంచి నొక్కింది. సాయంత్రం లోపు మౌస్ అవసరం లేకుండా కీబోర్డులో ఏ మీట నొక్కితే వరుస దిగుతుందో, ఏ మీటతో ఖాయమవుతుందో పెద్దపెద్ద తెలుగు అక్షరాల్లో రాసింది. తర్వాత మూసిన ఫిర్యాదు మళ్లీ తెరిచింది. ముందు రాసింది తప్పు, సరిగా పరీక్షించకుండానే రాశాను, మౌస్‌తో ఆయన పని చేయలేరు, మీటలతో చేయగలరు, బాధ్యత నాది అని రాసి, కింద సంతకం పెట్టింది. “సుమిత్ర, తండ్రి మొగులయ్య, స్టోర్స్.”

ఫ్యాక్టరీలో ఏమంటారో తెలియదు. శనివారం ఆయన్ని చూపించబోయే డాక్టర్ ఏమంటాడో అసలే తెలియదు. ఆ వణుకు ఎందుకొచ్చిందో, పోతుందో పోదో ఎవరు చెప్పగలరు?

మర్నాడు పొద్దున టీ సుమిత్రే పోసింది. గ్లాసు నిండా పోసింది. మొగులయ్య భయంగా భార్య వైపు చూశాడు. సుమిత్ర ఆయన పక్కన కూర్చుని, ఆయన చేతుల కింద తన చేతులు పెట్టి గ్లాసు ఎత్తింది. అయినా రెండు చుక్కలు ఒలికాయి.

“మేడమ్‌కు ఇయ్యాల డ్యూటీ లేదా?” అన్నాడాయన నవ్వబోతూ.

గ్లాసు ఖాళీ అయ్యేదాకా సుమిత్ర చెయ్యి తీయలేదు.