బాదం గింజలేవి?

"నీ గొడుగు దొరికింది," అన్నాడు ఫోన్లో చీఫ్.

కోడ్ భాషలో దానర్థం సెలవు మంజూరైందని. తన పెళ్ళి పందిట్లోంచి నేరుగా మిషన్ మీదికొచ్చిన ఏజెంట్ తుమ్మెదకి ఆ మాట వినగానే కుర్చీలోనే కళ్ళు మూతలు పడ్డాయి. నెలల తరబడి దురద పెట్టే దొంగ గడ్డంతో, ఒక ఫిజిక్స్ ఇన్‌స్టిట్యూట్‌లో, అణుకేంద్రకాలు ఢీకొంటే ఏమవుతుందో చెప్పే థియరీ సెమినార్లలో కూర్చున్నాడు. ఇక ఇల్లు. కొత్త దిండు. మధ్యాహ్నం దాకా నిద్ర!

"వెళ్ళేముందు ఒక్క చిన్న పని..."

"అనుకున్నాను సార్."

"ఆ ఇన్‌స్టిట్యూట్ సూపర్ కంప్యూటర్లోనే మన డిఫెన్స్ కోడ్స్ ఉన్నాయి. విదేశీ ముఠా ఒకటి, కేంద్రకాల ఢీని లెక్కగట్టే మోడల్ ఫైల్ వేషంలో దొంగ ప్రోగ్రామ్ ఎక్కిస్తోంది. అది రన్ అయిందో, కోడ్స్ సరిహద్దు దాటేస్తాయి. కాటుక నీకు సాయం చేస్తుంది."

కాటుక అంటే ఆ ముఠాలో మనం పెట్టిన డబుల్ ఏజెంట్. ఆమె కారిడార్లో నడిచొస్తే బోర్డుల మీద సమీకరణాలు తప్పుతాయి.

కంట్రోల్ రూమ్‌లో ఆమె అప్పటికే కీబోర్డు ముందుంది.

"దొంగ ఫైల్ తీసేశాను. ఇప్పుడు ఎక్కుతున్నది అసలు మోడలే. ఇంటికెళ్ళండి గురూగారూ, కళ్ళు చింతనిప్పుల్లా ఉన్నాయి!"

ఎంత చల్లని మాట! తుమ్మెద బ్యాగు భుజాన వేసుకున్నాడు. లోడింగ్ ఎనభై శాతం దాటింది. తెరమీద నమూనా బొమ్మలు మెరుస్తున్నాయి: రెండు కేంద్రకాలు గుద్దుకున్నచోట పుట్టిన నిప్పుముద్దలు.

"ఇవి బాగున్నవి ఏరి పెట్టిన బొమ్మలా?" అడిగాడు తుమ్మెద.

"లేదు, వచ్చినవి వచ్చినట్టే. ఎంత గుండ్రంగా ఉన్నాయో చూడండి!"

తుమ్మెద బ్యాగు దించాడు. "బాదం గింజలేవి?"

"ఏమిటీ?"

"గురి లేకుండా విసిరితే కేంద్రకాలు ఎదురెదురుగా గుద్దుకోవడం అరుదు. ఎక్కువగా అంచులు రాసుకునే పోతాయి. అప్పుడు నిప్పుముద్ద బాదం గింజలా ఉండాలి. నీవన్నీ పూర్ణచంద్రులే. ఇది మోడల్ కాదు, ముసుగు!"

ఆమె చేతిలోని లిప్‌స్టిక్ పిస్తోలైంది. తుమ్మెద తన దొంగ గడ్డం పీకి ఆమె మొహాన కొట్టాడు. జిగురుతో సహా అది కళ్ళకి అతుక్కుంది. గుండు ట్యూబులైటుని పగలగొట్టింది. లోడింగ్ తొంభైతొమ్మిది దగ్గర అతని వేలు క్యాన్సిల్ బటన్ మీద పడింది.

"సెమినార్లలో గురక పెట్టేవాడివిగా!" అంది కాటుక, సెక్యూరిటీ వాళ్ళు బేడీలు వేస్తుంటే.

"పెట్టేవాణ్ణే. కానీ ఆ ప్రొఫెసర్ గొంతు గురకలోకి కూడా దూరుతుంది."

ఇంటికి చేరి, కళ్ళు మూసుకునే బెల్లు కొట్టాడు. తలుపు తీసిన భార్య మొహం మతాబులా వెలిగింది.

"నిజంగా సెలవా? అయితే రేపు తెల్లారకముందే కొండెక్కుదాం! సూర్యోదయం చూద్దాం! ఫ్లాస్కులో టీ నేను తెస్తా!"

కొత్త దిండు వైపు ఒకసారి చూసి, ఎదురు చెప్పబోయి ఆగాడు తుమ్మెద. ఎదురెదురుగా గుద్దుకోవడం కేంద్రకాలకే ఇష్టం లేదు.

"అలారం మాత్రం నువ్వే పెట్టు," అన్నాడు, అంచు రాసుకుంటూ.