ఏడో ప్రశ్నకు పెట్టిన గుర్తు

శనివారం పొద్దున రోస్విత బేకరీ నుంచి ఇంకా వేడి తగ్గని బన్నులు తెచ్చి బుట్టలో పోసింది. కాఫీ దించి, మెట్ల చప్పుడు కోసం చెవి ఒగ్గి నిలబడింది. రోజూ ఆవిడకు మొదటి భయం అదే. కూతురు వీబ్కె మెట్లు దిగే తీరును బట్టి ఆ పూట పిల్ల కుడి మోకాలు ఎలా ఉందో చెప్పేయగలదు. దడదడా దిగితే బాగున్నట్టు. ఒక మెట్టు దిగి, ఆగి, కమ్మీ పట్టుకుని ఇంకో మెట్టు దిగితే బాగా లేనట్టు. ఆ పూట బాగా లేదు.

ఇరవై నాలుగేళ్ల పిల్ల, టైల్స్ మేస్త్రి. తాతా తండ్రీ చేసిన పనే. సొంతంగా పనులు పట్టడానికి కావలసిన మేస్త్రి పరీక్ష నెగ్గింది, వచ్చే నెల మొదటి తేదీ నుంచి దుకాణం బోర్డు మీద తన పేరే ఉంటుంది. పదహారో ఏట ఆ మోకాలు క్యాబేజీ గడ్డంత వాచింది. కీళ్లవాతం అన్నారు, రెండేళ్లు మాత్రలు మింగించారు, తగ్గింది. తగ్గిందంటే పోయిందని కాదు. ఇంట్లో అందరూ దాని పేరెత్తడం మానేశారు, అంతే.

బల్ల దగ్గర తండ్రి డెట్లెఫ్ అప్పటికే కూర్చుని ఉన్నాడు. ఆ ఊరి స్నానాల గదుల్లో సగం ఆయన మోకాళ్ల మీద పాకుతూ వేసినవే. ఇప్పుడా మోకాళ్లు రెండూ వంగవు. యాభయ్యో ఏట పని ఆగిపోయింది. ఆయనకు వైకల్య బీమా ఉండేది. కాళ్లో చేతులో పనికి రాకుండా పోతే నెలనెలా ఇల్లు గడవడానికి డబ్బు పంపే బీమా. తీరా అవసరం పడ్డాక కంపెనీవాళ్లు పాత ఆసుపత్రి కాగితాలన్నీ తవ్వి తీశారు. మోకాలి జబ్బు ముందే ఉంది, దరఖాస్తులో దాచారు అని ఒప్పందమే రద్దు చేసి చేతులు దులుపుకున్నారు. ఇది జరిగి ఏడేళ్లు. సర్కారు ఇచ్చే చిన్న పింఛను కాఫీకీ కరెంటుకీ సరి. మిగతా బతుకంతా వీబ్కె మోకాళ్ల మీదే నడుస్తోంది.

ఇప్పుడు ఆ పిల్లకు బీమా కావాలి. పన్నెండు పేజీల దరఖాస్తు వెన్న గిన్నె పక్కనే ఉంది. సాయంత్రం నాలుగింటికి బీమా ఏజెంటు లోరెన్సెన్ కాఫీకి వచ్చి తీసుకెళ్తానన్నాడు.

"ఏడో ప్రశ్న చూడు నాన్నా," అంది వీబ్కె బన్ను నములుతూ. "గత పదేళ్లలో కీళ్లకు వైద్యం చేయించుకున్నారా? అవును, లేదు. ఏం పెట్టను?"

"లేదు అని పెట్టు."

"అబద్ధం కదా."

"నిజం రాసిన నాకేం ఒరగబెట్టారే? మీ అమ్మ అన్నీ రాసింది, తుమ్మూ దగ్గూ కూడా వదల్లేదు. అయినా దాచాడన్నారు, దొంగవెధవలు. ఏం రాసినా ఇవ్వనివాళ్లకి నిజం ఎందుకు దండగ?"

"అదీ నిజమే," అంది వీబ్కె. "అవును అని రాస్తే అసలు తీసుకోరు. తీసుకున్నా మోకాలు తప్ప మిగతాదానికి ఇస్తామంటారు. టైల్స్ మేస్త్రికి మోకాలు లేని బీమా ఏం చేసుకోను? చేప తీసేసి చేపరొట్టె అమ్మినట్టు. అమ్మా, నీ పెన్ను ఇలా ఇవ్వు."

రోస్విత పెన్ను ఇవ్వలేదు. చేతిలో వెన్న కత్తి అలాగే ఉండిపోయింది.

మేస్త్రుల ఇళ్లలో కాగితాల పని ఎప్పుడూ మేస్త్రి పెళ్లాందే. మొగుడు సిమెంటు చేతులతో లోపలికొస్తాడు, ఆవిడ వేలు పెట్టి చూపిన చోట సంతకం గీకుతాడు, పక్కన బూడిద రంగు బొటనవేలి ముద్ర పడుతుంది, మళ్లీ పనికి పోతాడు. చదవడు. చదివితే పెళ్లాన్ని అనుమానించినట్టు. రోస్విత పాతికేళ్లు అలా సంతకాలు పెట్టించింది. వాటిలో ఒక్కటి మాత్రం ఆవిడను ఏడేళ్లుగా నిద్రపోనివ్వడం లేదు.

"పెన్ను అమ్మా!"

"రాయకు," అంది రోస్విత. కాగితాలు లాక్కుని గుండెకు హత్తుకుంది. "లేదు అని రాయకు. మీ నాన్న దరఖాస్తులో ఆ ఏడో ప్రశ్నకి 'లేదు' అని గుర్తు పెట్టింది నేనే."

వీబ్కె బన్ను కింద పెట్టేసింది.

"అంతకు ముందు వేసవిలో ఆయన మోకాలి నుంచి రెండుసార్లు నీళ్లు తీయించాం. అన్నీ రాయి రోసీ అని ఆయన చెప్పాడు. చిత్తు కాగితం మీద రాశాను కూడా. రాస్తే తీసుకోరేమోనని భయమేసింది. రెండుసార్లే కదా, ఎవరు చూడొచ్చారులే అనుకున్నాను. కంపెనీ అబద్ధం ఆడలేదు. నేనాడాను."

వీబ్కె లేచింది. కుడి కాలు పట్టేసి, బల్ల ఊతం తీసుకుని మరీ లేచింది. "ఏడేళ్లు! నాన్న ఈ కుర్చీలో కూర్చుని రోజూ వాళ్లని తిడుతుంటే నువ్వు కాఫీ పోస్తూ వింటూ ఉన్నావా?"

"విన్నాను."

"పడవలు కట్టే పని నేర్చుకోవాలనుకున్నాను నేను. రేవులో పని నేర్చుకోవడానికి చోటు కూడా దొరికింది. అది వదిలేసి పదిహేడేళ్లకి నాన్న తాపీ పట్టుకున్నాను. ఎవరో దొంగల వల్ల అనుకున్నాను అమ్మా! మన వంటింట్లో, ఈ బల్ల మీదే జరిగిందా అది?"

రోస్విత డెట్లెఫ్ వైపు చూసింది. అరుస్తాడని, కప్పు విసిరేస్తాడని ఎదురు చూసింది. అరిస్తే బాగుండునని కూడా అనుకుంది. ఆయన మాత్రం బల్ల పట్టుకుని లేచి, బిగుసుకుపోయిన కాళ్లీడ్చుకుంటూ బీరువా దగ్గరికి నడిచాడు. పాత చుట్టల డబ్బా కిందనుంచి మడిచిన కాగితం తీసి ఆవిడ ముందు పెట్టాడు. ఆయన దరఖాస్తుకి కంపెనీ పంపిన నకలు. ఏడో ప్రశ్న దగ్గర గుర్తు, ఆ గుర్తుకి కింద చిన్న తోక.

"నీ గుర్తులకి ఎప్పుడూ తోక ఉంటుంది రోసీ," అన్నాడు. "రద్దు చేశామని ఉత్తరం వచ్చిన రోజే చూశాను. నువ్వు బేకరీకి వెళ్లావు అప్పుడు."

"తెలుసా? తెలిసీ ఒక్క మాట అనలేదా?"

"కింద సంతకం ఎవరిది? చదవకుండా గీకింది నేనే కదా. నిన్ను తిట్టడం మొదలుపెడితే ఆపలేనని భయమేసింది. అందుకే కంపెనీని తిట్టాను. కంపెనీ అయితే ఎంత తిట్టినా ఏడవదు."

రోస్వితకు ఎప్పుడో ఏడవాల్సిన ఏడుపంతా ఆ పూట వచ్చింది. వెన్న గిన్నె మీదా, నకలు మీదా, చేతుల మీదా కన్నీళ్లు రాలాయి.

వీబ్కె వాళ్లిద్దరినీ మార్చి మార్చి చూసింది. కోపం ఉంది, కానీ దానికంటే పెద్ద భయం ఏదో ముఖంలోకి వచ్చింది. "మీరిద్దరూ ఒకరినొకరు కాపాడుకుంటూ నన్ను ముంచేవాళ్లు," అంది మెల్లగా. "నాన్న చెప్పాడని నేనూ అదే గుర్తు పెట్టేదాన్ని. పెన్ను ఒక్కటే తక్కువైంది."

డెట్లెఫ్ ముఖం రెండు చేతుల్లో దాచుకున్నాడు. పెళ్లాన్ని కాపాడుతున్నాననుకుని మోసిన అబద్ధం కూతుర్ని ఎక్కడికి తోసుకెళ్లిందో ఆయనకు అప్పుడు తెలిసింది.

నాలుగింటికి లోరెన్సెన్ వచ్చాడు. వీబ్కె ఏదీ దాచకుండా అంతా చెప్పింది. ఆయన దరఖాస్తు మడిచి సంచిలో పెట్టేసుకున్నాడు.

"ఇది తర్వాత. ముందు పేరు లేకుండా అడుగుదాం. ఇరవై నాలుగేళ్ల టైల్స్ మేస్త్రి, పదహారో ఏట కుడి మోకాలు అని మాత్రం రాసి కంపెనీలన్నిటికీ పంపుతాను. పేరు పెట్టి అడిగాక ఒకళ్లు కాదంటే, మిగతావాళ్లంతా 'మిమ్మల్ని ఎవరైనా కాదన్నారా' అని అడుగుతారు. పేరు లేకపోతే ఆ గొడవ ఉండదు. ఇప్పుడేమైనా నొప్పి ఉందా అమ్మాయ్?"

లేదని చెప్పవే తల్లీ అని రోస్విత లోపల ఎవరో ఇంకా అంటూనే ఉన్నారు.

"ఉంది," అంది వీబ్కె. "పొద్దున మెట్లు దిగేటప్పుడు."

"అయితే డాక్టరుకి చూపించు. ఆయన ఏం చెబితే అదీ రాద్దాం," అని ఆయన ఇంకో ముక్క కేకు వేసుకున్నాడు.

ఆ తర్వాత ఆరు వారాలు రోస్విత ఎలా గడిపిందో అడగకండి. డాక్టరు చెప్పింది కూడా చేర్చి పంపాక, లోరెన్సెన్ ఫోను వచ్చినప్పుడల్లా చేతిలో ఉన్నది కింద పెట్టేసేది. కాదు అన్నారు. కాదు అన్నారు. వీలుపడదన్నారు. నాలుగోవాళ్లూ అంతే. ఐదోవాళ్లు మాత్రం ఒప్పుకున్నారు. నడుముకు, చేతులకు, ఎడమ మోకాలికి, ఇంకే జబ్బు వచ్చినా బీమా ఉంటుంది. కుడి మోకాలికి ఉండదు. మూడేళ్లు దానికి వైద్యం అక్కర్లేకపోతే అప్పుడు మళ్లీ చూస్తామన్నారు.

"చేప లేని రొట్టే వచ్చిందమ్మా," అని వీబ్కె నవ్వబోయి, తల్లి భుజం మీద తల ఆనించి ఏడ్చింది. రోస్విత ఆ తల నిమురుతూ ఉండిపోయింది. ఆ శనివారం తర్వాత కూతురు దగ్గరికి రావడం అదే మొదటిసారి.

ఒప్పందం కాగితాలు వచ్చాక డెట్లెఫ్ కళ్లద్దాలు తెప్పించుకున్నాడు. పెదాలు కదుపుతూ ప్రతి పేజీ చదివాడు. అర్థం కానిచోట "రోసీ, ఇదేంటి?" అని అడిగాడు. ఆవిడ పక్కన కూర్చుని చెప్పింది. కాఫీ చల్లారిపోయినా ఎవరూ లేవలేదు. ముగ్గురూ చదవడం అయ్యాకే వీబ్కె సంతకం పెట్టింది.

సోమవారం పొద్దున పిల్ల బయల్దేరుతుంటే డెట్లెఫ్ వచ్చి మెట్ల మీద కాళ్లు చాపుకుని కూర్చున్నాడు. ఆయన ఒళ్లో కొత్త మోకాలి ప్యాడ్లు ఉన్నాయి. అలాంటివి కట్టుకుని పనిచేసేవాళ్లను చూసి జన్మంతా నవ్విన మనిషి.

"కాలు ఇలా పెట్టు," అన్నాడు.

"నాన్నా, నేను కట్టుకుంటాలే!"

"ఎడమదాన్ని కంపెనీ చూసుకుంటుంది. కుడిది మనదే." కూతురి పాదం ఒళ్లో పెట్టుకుని పట్టీ బిగించబోయాడు, రెండో కొస మోకాలి వెనక్కి జారిపోయింది. "రోసీ, ఇటు కొస పట్టుకో. నాకు ఒక్కడికీ అందడంలేదు."

రోస్విత చేతులు తుడుచుకుని వచ్చి, ఆ మెట్టు మీదే ఆయన పక్కన కూర్చుని పట్టీ కొస పట్టుకుంది.