పేయున్ కత్తిరించిన ముక్క

తెల్లవారుతూనే లియూ వారి వంటిల్లు ఆవిరితో నిండిపోయింది. కోడలు స్యూలాన్ బియ్యప్పిండి జావను పళ్ళేల్లో పోసి ఆవిరికి పెడుతోంది. ఉడికిన రేకును అత్తగారు క్వీమోయ్ ఒడుపుగా లేపి, నూనె రాసిన బల్ల మీద పరిచి, వేలెడు వెడల్పు పట్టీలుగా కోస్తోంది. ఎనభై ఒకటో ఏడు నడుస్తున్నా ఆ కత్తిని ఆవిడ ఇంకొకరి చేతికివ్వదు. మెయ్‌నోంగ్ ఊళ్ళో బియ్యపు పట్టీల దుకాణాలు చాలానే ఉన్నాయి గానీ, పొద్దున్నే చారులో వేడివేడిగా తినాలంటే లియూ వారి దుకాణానికే రావాలంటారు.

"పల్చగా పొయ్యమంటే చాప పరిచినట్టు పోస్తావేం?" అంది క్వీమోయ్.

"నిన్న పల్చగా పోస్తే చిరిగిపోయాయన్నారు కదత్తయ్యా."

"నిన్నటి మాట నిన్నటికే."

స్యూలాన్ నవ్వుకుంది. ఇరవై ఎనిమిదేళ్ళ కిందట ఇండోనేషియాలోని సింకావాంగ్ నుంచి ఈ ఇంటికి కోడలిగా వచ్చినప్పుడు ఇలాంటి మాటలకు కళ్ళనీళ్ళు పెట్టుకునేది. లియూ వారిలాగే ఆవిడదీ చీనా మూలాలున్న హక్కా కుటుంబమే, మాట్లాడేదీ హక్కా భాషే. అయినా యాస వేరు. సముద్రం దాటి వచ్చిన మాట కదా, ఉప్పు పట్టిందని అప్పట్లో క్వీమోయ్ వెక్కిరించేది.

అంతలో మేడ మీది నుంచి పేయున్ చెప్పుల్లేకుండా పరుగెత్తుకొచ్చింది. ఆ ఇంటి ఒక్కగానొక్క పిల్ల, ఇరవై ఆరేళ్ళది. నగరంలో సినిమాల కూర్పు గదిలో పనిచేస్తూ, ఏడాది క్రితం సెలవు పెట్టి ఇంటికొచ్చి, కెమెరా పట్టుకుని తల్లి వెంటే తిరిగింది.

"అమ్మా! నా సినిమాను ఎంపిక చేశారు! నగరంలో చిత్రోత్సవంలో వేస్తారట!"

దుకాణంలోకి చారు గిన్నె మోసుకెళుతున్న తండ్రి ఫుక్‌సెన్ గిన్నెను అక్కడే దించేశాడు. స్యూలాన్ పిండి చేతుల్తోనే కూతురి బుగ్గలు పట్టుకుంది.

"సినిమా సినిమా అంటున్నావు, ఇంతకీ అందులో కథానాయిక ఎవరే?" అంది క్వీమోయ్ కత్తి ఆపకుండా.

"అమ్మే, నాయనమ్మా."

"మీ అమ్మా? ఇక జనం వచ్చినట్టే!"

అందరూ నవ్వారు. నగరంలో వెయ్యకముందే ఊళ్ళో చూపించాలని పేయున్ పట్టు. వచ్చే ఆదివారం మధ్యాహ్నం, పొగాకు పండించే రోజుల్లో ఆకు ఆరబెట్టడానికి కట్టిన పాత బ్యారన్‌లో తెర కట్టుకోవడానికి ఊరి సంఘం ఒప్పుకుందట.

"ముందు ఇంట్లోవాళ్ళకు చూపించవే. మేం ఊరి జనం కంటే తీసిపోయామా?" అన్నాడు ఫుక్‌సెన్.

మధ్యాహ్నం గిరాకీ తగ్గగానే దుకాణం తలుపులు దించి, నలుగురూ టీవీ ముందు కూర్చున్నారు. తెర మీద ఊరి పాఠశాల గది కనిపించింది. వియత్నాం నుంచీ ఇండోనేషియా నుంచీ కోడళ్ళుగా వచ్చినవాళ్ళు చిన్నపిల్లల బల్లల దగ్గర ఇరుక్కుని కూర్చుని చీనా అక్షరాలు దిద్దుకుంటున్న పాత ఫోటోలు. ఆ తర్వాత వాళ్ళే చెరువులో నడుంలోతు నీళ్ళలో నిలబడి ఆకుకూర కోస్తూ, సంతలో బేరాలాడుతూ, ఊరి గుడిలో పూజకు పంది మాంసం తరుగుతూ కనిపించారు. ఇప్పుడు ఊరి బడిలో చాలామంది పిల్లల తల్లులు సముద్రం అవతల పుట్టినవాళ్ళే. ఊరు ఎట్లా మారిందో ఎవరూ ఉపన్యాసం చెప్పకుండానే తెలుస్తోంది.

"అదుగో, క్యుక్‌యిన్ కోడలు! ఎంత సన్నగా ఉండేదో!" అని క్వీమోయ్ మురిసిపోతోంది.

అంతలో తెర మీద స్యూలాన్ ముఖం దగ్గరగా వచ్చింది. "వచ్చిన మొదటి రెండేళ్ళూ నా పాస్‌పోర్టు నా దగ్గర లేదు," అంటోంది. "అత్తయ్య దాన్ని బియ్యం డబ్బాలో దాచింది. రోజూ బియ్యం తీస్తుంటే దాని అట్ట నా చేతికి తగిలేది. తీసుకునేదాన్ని కాదు."

మరుక్షణం తెర మీద క్వీమోయ్. చేతిలో కత్తి. బల్ల మీద టకటకమని కోస్తోంది.

"ఆపు," అంది క్వీమోయ్.

పేయున్ ఆపింది.

"ఆ మాట వెనకాలే నన్నెందుకు పెట్టావే? కత్తితో సహా?"

"అది... పొద్దున్న పని చేస్తుంటే తీసిందే నాయనమ్మా."

"నాకు చదువు రాదు గానీ కళ్ళున్నాయి. ఆ మాట పక్కన ఈ కత్తి పెడితే చూసేవాళ్ళు ఏమనుకుంటారో నీకు తెలుసు. తెలిసే పెట్టావు."

"నువ్వు దాచలేదా మరి?"

"దాచాను."

"మరి నిజమేగా! అమ్మలాంటివాళ్ళు ఎంతమంది ఇలా బతికారో ఎవరూ నోరు విప్పరు. మనింట్లో మనమే చెప్పకపోతే ఇంకెవరు చెబుతారు?"

ఫుక్‌సెన్ తల్లినీ కూతుర్నీ మార్చి మార్చి చూశాడు. "ఆ కాస్త ముక్క తీసేస్తే పోయె కదమ్మా?"

"తీస్తే సినిమానే లేదు నాన్నా."

క్వీమోయ్ కుర్చీ చేతుల మీద బరువు మోపి లేచింది. ఆవిడ చూపు మనవరాలి మీద కాదు, కోడలి మీద నిలిచింది. "ఇరవై ఎనిమిదేళ్ళు నీ చేతి అన్నం తిన్నాను. ఆ అన్నంలో ఈ మాట ఉందని నాకు తెలీదు," అంది. తన గదిలోకి వెళ్ళి తలుపు వేసుకుంది.

మర్నాడు పొద్దున కత్తి బల్ల మీదే ఉంది, క్వీమోయ్ లేదు. ఎవరికీ చెప్పకుండా ముల్లంగి మడికి వెళ్ళిపోయింది. పట్టీలు స్యూలాన్ కోసింది. ఒకటి లావు, ఒకటి సన్నం. "ఏమిటివాళ, పెద్దావిడకు ఒంట్లో బాలేదా?" అని వచ్చినవాళ్ళందరూ అడిగారు. ఆ మర్నాడూ అంతే. క్వీమోయ్ చీకటి పడ్డాక వచ్చి, రెండు ముద్దలు తిని, ఎవరితో పలక్కుండా పడుకుంది.

మూడో రోజు స్యూలాన్ చిన్న ఉల్లిపాయలు పంది కొవ్వులో వేయిస్తూ కూతుర్ని పిలిచింది.

"కెమెరా ముందు ఆ రోజు నేను అంతే మాట్లాడానా?"

"ఏ రోజమ్మా?"

"బియ్యం డబ్బా సంగతి చెప్పిన రోజు. తర్వాత ఇంకా చెప్పాను. చాలాసేపు చెప్పాను. అదంతా ఏమైంది?"

పేయున్ తల దించుకుంది. "కత్తిరించాను."

"ఎందుకు?"

"అది కూడా పెడితే కథ మెత్తబడుతుందనుకున్నాను."

స్యూలాన్ పొయ్యి మంట తగ్గించింది. ఆ రోజు ఆవిడ చెప్పింది ఇదీ. పేయున్ తొమ్మిది నెలల పిల్లగా ఉన్నప్పుడు సింకావాంగ్ నుంచి ఫోను వచ్చింది, తల్లి ఇక నాలుగు రోజులు కూడా దక్కదని. వెళతానని అడగడానికి స్యూలాన్‌కు ధైర్యం చాలలేదు. ఆ సాయంత్రం అత్తగారే బియ్యం డబ్బాలో చెయ్యి పెట్టి పాస్‌పోర్టు తీసింది. దానికంటిన తవుడు చొక్కా అంచుతో తుడిచి కోడలి ముందు పెట్టింది. "పంపితే పంపావు గానీ బిడ్డను మాత్రం ఇక్కడే ఉంచుకో. లేకపోతే నీ కోడలు తిరిగిరాదు," అని ఇరుగుపొరుగు అంతా చెప్పారు. క్వీమోయ్ వినలేదు. మోత గుడ్డతో బిడ్డను తనే స్యూలాన్ వీపుకు కట్టింది. "అమ్మమ్మ మనవరాల్ని చూడొద్దూ?" అంది. విమానాశ్రయం దాకా వెంట వచ్చింది. మళ్ళీ వస్తావా అని ఒక్క మాట కూడా అడగలేదు.

"మా అమ్మ నీ పాదం పట్టుకుని కన్ను మూసింది," అంది స్యూలాన్. "నలభై రోజుల తర్వాత నేను తిరిగొస్తే మీ నాయనమ్మ బస్సు దిగే చోట నిలబడి ఉంది. రోజూ వచ్చి నిలబడేదట. ఇది తీసేసి కత్తి పెట్టావా?"

వేగిన ఉల్లిపాయల్ని పళ్ళెంలోకి తీసి మళ్ళీ కూతురి వైపు తిరిగింది.

"ఇంకొకటి. ఈ ఇంట్లో నన్ను బాధపెట్టింది మీ నాయనమ్మ ఒక్కతేనా?"

"అంటే?"

"నీ ఐదో తరగతిలో వాన పడుతుంటే వానకోటు తీసుకుని బడికొచ్చాను. గేటు దగ్గర నీ స్నేహితురాలు 'ఎవరే ఆవిడ?' అని అడిగింది. 'మా ఇంట్లో పనిమనిషి' అన్నావు."

పేయున్ ముఖం పాలిపోయింది. ఆ ఊళ్ళో ఇండోనేషియా నుంచి వచ్చి ముసలివాళ్ళకు సేవ చేసే ఆడవాళ్ళు చాలామందే ఉన్నారు. ఆ మాట అందుకే అంత సులువుగా నోట్లోంచి వచ్చింది. తల్లికి వినపడలేదని పదిహేనేళ్ళుగా తనకు తాను చెప్పుకుంటూ వచ్చింది.

"నీకు... వినపడిందా?"

"వినపడింది. వానకోటు ఇచ్చి వచ్చేశాను."

"ఇన్నేళ్ళూ ఒక్కసారైనా ఎందుకు తిట్టలేదమ్మా?"

"చిన్నపిల్లవి, భయపడ్డావు. అప్పట్లో మీ నాయనమ్మా భయపడింది. భయపడిన మనిషిని ఏం తిడతాం?" స్యూలాన్ కళ్ళు తుడుచుకుంది. "నన్ను కాదు, ముందు ఆవిడ దగ్గరికెళ్ళు."

పేయున్ సైకిలేసుకుని మడికి పోయింది. క్వీమోయ్ గట్టు మీద కూర్చుని ముల్లంగి దుంపల మట్టి దులుపుతోంది. మనవరాల్ని చూసి కూడా చూడనట్టే ఉంది. పేయున్ మట్టిలోనే మోకాళ్ళ మీద కూర్చుంది.

"తప్పయింది నాయనమ్మా. నీ మంచి దాచి నీ చెడు చూపించాను. నా చెడు అసలు చూపించనే లేదు. ఆ పాస్‌పోర్టు మాట తీసేస్తాను."

క్వీమోయ్ చేతిలోని దుంపను పక్కన పెట్టింది. తర్వాత అంది: "పదహారో ఏట ఈ ఇంటికి తెచ్చారు నన్ను. ఏడాదిపాటు తలుపు వైపే చూస్తూ గడిపాను, ఎప్పుడు పారిపోదామా అని. మీ అమ్మ వచ్చాక అదీ అట్లాగే చూసేది. ఆ చూపేంటో నాకు తెలీదూ? అందుకే దాచాను. ముప్పై అయిదేళ్ళు దాటాక పెళ్ళయిన కొడుకు, మళ్ళీ ఒంటరివాడవుతాడని భయం. నా బాధ నాకు తెలిసి కూడా దానికి అదే బాధ పెట్టాను."

"తీసేస్తాలే నాయనమ్మా."

"తియ్యకు!" అంది క్వీమోయ్ గట్టిగా. "మొదటి రోజు కోపంలో సగమే విన్నాను. ఈ రెండు రోజులూ ఇక్కడ కూర్చుని మిగతా సగం విన్నాను. రోజూ చేతికి తగిలినా తీసుకోలేదంది చూడు, అది. అక్కడుందని దానికి తెలుసు. ఏ రోజైనా తీసుకుని పోవచ్చు. పోలేదు. నేను దాన్ని కట్టేసి ఉంచాననుకున్నాను, అదే నన్ను వదిలిపోకుండా ఉంది. ఆ మాట ఊరు వినాలి." ఆవిడ మోచేత్తో కళ్ళు తుడుచుకుని మనవరాలి వంక చూసింది. "కెమెరా ఏదీ?"

"తేలేదు."

"సినిమాలు తీసేదానివి ఉత్తచేతుల్తో వస్తావేం? పో, తీసుకురా. ఇందాక చెప్పిందంతా మళ్ళీ చెబుతాను."

ఆదివారం మధ్యాహ్నం బ్యారన్ కిటికీలకు దుప్పట్లు కట్టి, గోడకు తెల్లగుడ్డ బిగించారు. కుర్చీలు చాలక ముసలివాళ్ళు ఇళ్ళ నుంచి పీటలు తెచ్చుకున్నారు. క్వీమోయ్ ఉతికిన నీలం చొక్కా తొడుక్కుని ముందు వరసలో కూర్చుంది.

ఈసారి బియ్యం డబ్బా మాట తర్వాత కత్తి రాలేదు. ముల్లంగి మడి గట్టు మీద క్వీమోయ్ కనిపించి తలుపు వైపు చూసిన ఏడాది సంగతి చెప్పింది. స్యూలాన్ తన తల్లి చివరి రోజు సంగతి చెప్పింది. తర్వాత తెర మీద ఖాళీ బడి గేటు ఒక్కటే కనిపిస్తుంటే, వెనకనుంచి పేయున్ గొంతు వినిపించింది. ఐదో తరగతిలో తను ఏమందో ఒక్క మాట మార్చకుండా చెప్పింది.

సినిమా అయ్యాక కిటికీల దుప్పట్లు తీశారు. వెనక వరసలోంచి క్యుక్‌యిన్ గొంతు వినిపించింది. క్వీమోయ్ ఈడుదే, నోటి దురుసు మనిషి.

"ఏం క్వీమోయ్, నిజంగానే కోడలి పాస్‌పోర్టు దాచావా?"

"దాచాను. నువ్వెక్కడ దాచావు? పెట్టెలోనా?"

క్యుక్‌యిన్ నోరు తెరిచే లోపే పక్కనున్న ఆవిడ కోడలు, వియత్నాం నుంచి వచ్చిన హాన్, మెల్లిగా అంది: "పరుపు కింద."

బ్యారన్ అంతా గొల్లుమంది. నవ్వుతూ నవ్వుతూనే హాన్ చేతుల్లో ముఖం దాచుకుని ఏడ్చేసింది. క్యుక్‌యిన్ ఎటు చూడాలో తెలియక, ఆఖరికి కోడలి వీపు మీద చెయ్యి వేసింది. ఆ చెయ్యి చాలాసేపు అక్కడే ఉండిపోయింది.

పేయున్ తల్లిని ముందుకు రమ్మంది. స్యూలాన్ రెండు చేతులూ ఒకదాన్నొకటి నలుపుకుంటూ నిలబడింది. "నాకు మాట్లాడ్డం రాదు," అంది. "మా అమ్మను ఆఖరిసారి చూడగలిగాను. బిడ్డతో సహా చూడగలిగాను. అది మా అత్తయ్య ఇచ్చింది. అంతకంటే పెద్దది నాకెవరూ ఇవ్వలేదు." వెళ్ళి కూర్చోబోతుంటే క్వీమోయ్ లేచి చెయ్యెత్తి ఆపింది. ఫుక్‌సెన్ పట్టుకోబోతే విదిలించుకుని, తనంతట తానే నడిచి కోడలి ఎదుట నిలబడింది.

మెయ్‌నోంగ్ హక్కాలకు కృతజ్ఞత చెప్పే మాట ఒకటుంది. దాని అసలు అర్థం 'ఎంత జాగ్రత్తగా చూశావు' అని. గిన్నె అందించినవాళ్ళకూ, దారి చూపించినవాళ్ళకూ రోజుకు పదిసార్లు అనే మాటే అది. అత్తాకోడళ్ళ మధ్య మాత్రం ఎప్పుడూ రాలేదు. ఇంట్లోవాళ్ళకు అలా చెప్పుకోవడం ఆ ఊళ్ళో ఎవరికీ అలవాటు లేదు.

క్వీమోయ్ కోడలి రెండు చేతులూ పట్టుకుని, ఊరందరికీ వినపడేలా ఆ మాట అంది.