పన్నెండొందల వాట్ల లెక్క

మంగళవారం మధ్యాహ్నం 2.25. రాయదుర్గంలో ఒక ఆఫీసు టవర్, రెండో బేస్‌మెంట్. పొగ నిండిన కారులో చైతన్య శవం దొరికింది.

లంచ్ తర్వాత ఏసీ వేసుకుని, పాటలు పెట్టుకుని కారులోనే కునుకు తీయడం అతని అలవాటు. సీటు కింద, పాటల శబ్దం పెంచే ఆంప్లిఫయర్‌కు వెళ్లే వైరు కరిగి మంట పుట్టిందని ఫోరెన్సిక్ వాళ్లు తేల్చారు.

ఆ ఆంప్లిఫయర్ బిగించింది కొండాపూర్ మెకానిక్ రవీందర్.

శుక్రవారం ఉదయం 11 గంటలు. రవీందర్ పోలీస్ స్టేషన్ బెంచీ మీద కూర్చున్నాడు. కేసు పడితే జైలే. ఇంట్లో భార్య భూలక్ష్మికి ఏడో నెల.

పక్కన ప్రశాంత్, ఆ పాత ఆంప్లిఫయర్‌ను చైతన్యకు అమ్మినవాడు. ఎదురుగా చైతన్య భార్య లావణ్య, తమ్ముడు కిరణ్.

కారు డిక్కీలో రెండు వూఫర్లు, అంటే పెద్ద స్పీకర్లు, దొరికాయి. తాను బిగించింది ఒకటేనని రవీందర్ మొత్తుకున్నాడు. రెండూ అతనే బిగించాడని, ఆ తర్వాత కారును ఎవరూ ముట్టుకోలేదని కిరణ్ స్టేట్‌మెంట్ ఇచ్చాడు. కిరణ్ సాఫ్ట్‌వేర్ ఇంజనీరు. అతని ముందు మెకానిక్ మాట ఎవరు నమ్ముతారు?

ఇన్‌స్పెక్టర్ రాజరాజేశ్వరి అదే మోడల్ ఆంప్లిఫయర్ తెప్పించి బల్ల మీద పెట్టింది. మూత మీద బంగారు అక్షరాలు: 1200 వాట్స్. కరెంటు హద్దు దాటితే తెగిపోయి వైరును కాపాడే ఫ్యూజ్, దీనికి బ్యాటరీ దగ్గర ఎన్ని ఆంపియర్లది వేయాలో మగవాళ్లు ముగ్గురినీ కాగితం మీద రాయమంది.

ప్రశాంత్ తెలియదని రాశాడు. కిరణ్ పెట్టెను ముట్టుకోకుండానే 100 అని రాసిచ్చాడు. రవీందర్ దాన్ని తిరగేసి, దుమ్ము తుడిచి, 30 అని రాశాడు. 

"వంద ఎలా వచ్చింది, కిరణ్?"

"సింపుల్, మేడమ్. పన్నెండొందల వాట్లను పన్నెండు వోల్టులతో భాగిస్తే వంద."

"ముప్పై ఎట్లా, రవీందర్?"

"మూత మీదియన్నీ గోరంతలు కొండంతలు, మేడమ్. మేం చూడం. గిక్కడ వైర్ల పక్కన ముప్పై ఆంపియర్లని అచ్చేసి ఉంది. ముప్పైని పన్నెండుతో గుణిస్తే మూడొందల అరవై వాట్లు. సగం వేడికే పోతది. రెండొందలు గూడ రావు. ఒక్క వూఫర్నే మోస్తది. రెండోది తగిలిస్తే ఫ్యూజ్ పోతనే ఉంటది. నేనేసిన వైరు గూడ ముప్పైకే."

ఆమె సీల్డ్ కవర్లోంచి మసిబారిన ఫ్యూజ్ తీసింది. చైతన్య కారులోది. దాని మీద 100 అని ఉంది. వైరు కాలినా, మనిషి పోయినా అది మాత్రం తెగలేదు.

"మెకానిక్ మూత మీది అంకెను నమ్మడు, కిరణ్. దాన్ని నమ్మి లెక్కలు కట్టేది మీలాంటి ఇంజనీర్లే."

కిరణ్ ఒప్పుకున్నాడు. అన్న పుట్టినరోజుకు రెండో వూఫర్ తనే కొని తగిలించానన్నాడు. ఫ్యూజ్ మూడుసార్లు పోతే విసుగెత్తి పెద్దది వేశానన్నాడు.

"భయమేసింది, వదినా. యా మొగం పెట్టుకోని చెప్పేది?"

లావణ్య రవీందర్ వైపు చెయ్యి చూపించింది.

"ఆయప్ప జైలుకు పోతాంటే చూస్తా కూర్చున్యావే, కిరణ్."

ఇన్‌స్పెక్టర్ రవీందర్‌ను ఇంటికి వెళ్లమంది. అతను లేచాడు. గుమ్మం దాటకముందే భూలక్ష్మికి ఫోన్ కలిపాడు.