పదకొండో గది గంట

ఆ ఇంట్లో రోజు మొదలయ్యేది ఫ్రిజ్ తలుపుతో. ఆవిడ లేవగానే తలుపు తీసి, లోపల వేలాడదీసిన చిన్న థర్మామీటరు చూసి, అంకె సరిగ్గా ఉంటే తల పంకించి, అప్పుడు గానీ పాలు పొయ్యి మీద పెట్టేది కాదు. వృద్ధుల సంరక్షణ కేంద్రాలను తనిఖీ చేసే ఉద్యోగం పదహారేళ్ళు చేస్తే ఎవరి ఇల్లయినా అలాగే తయారవుతుంది. స్నానాల గదిలో పట్టుకోవడానికి కడ్డీ, మెట్ల అంచులకు పసుపు పట్టీలు, మందుల సీసాల మీద తెరిచిన తారీఖులు. భర్త బతికున్న రోజుల్లో "మన ఇంటికి నూటికి ఎన్ని వేశావేమిటి?" అని ఏడిపిస్తూ ఉండేవాడు.

ఆఫీసులో చాటుగా ఆవిడను భూతద్దం అనేవారు. ఆ సంగతి ఆవిడకు తెలుసు. తెలిసి లోలోపల కాస్త మురిసిపోయేది కూడా.

టార్చి, కొలత టేపు, ఫారాలు సంచిలో సర్దుకుంటూ ఉండగా తలుపు కొట్టిన చప్పుడైంది. తీస్తే ఎదురుగా తమ్ముడు. సిటీ బస్సు నడుపుతాడు. నిన్నటి యూనిఫారం నలిగిపోయి ఒంటి మీదే ఉంది.

"ఇంత పొద్దున్నే ఏమిట్రా? డ్యూటీ లేదూ?"

"అమ్మ పడిపోయింది," అన్నాడు గుమ్మంలోనే నిలబడి. "తుంటి ఎముక విరిగింది. పెద్దాసుపత్రిలో ఉంది."

ఆవిడ చేతిలో ఫారాలు అలాగే ఉండిపోయాయి. "ఎప్పుడు?"

"నిన్న మధ్యాహ్నం, రెండింటికి. కేంద్రంలో తన గదిలోనే, బాత్‌రూముకని లేచి పడిందట. ఐదున్నరకి టీ ఇవ్వడానికి వెళ్ళినప్పుడు చూశారు. మూడున్నర గంటలు చల్లటి గచ్చు మీద పడి ఉందక్కా."

"నిన్న జరిగితే ఇవాళా చెప్పడం? ఫోను లేదా నీ దగ్గర?"

"ఉంది. చేస్తే ఫారం పట్టుకుని వస్తావని చెయ్యలేదు."

ఆ మాట తగిలింది గానీ ఆవిడ బుర్ర అప్పటికే వేరే దారిన పరుగెడుతోంది. "మరి గంట నొక్కలేదా? మంచం పక్కనే ఉంటుంది. కింద పడినా అందేలా తాడు ఉంటుంది, చివర నొక్కే బుడిపె ఉంటుంది. నేనే చూశాను. అమ్మ గంట ఎందుకు నొక్కలేదు?"

తమ్ముడు అక్క ముఖంలోకి చూశాడు.

"అమ్మ ఎలా ఉందని అడగలేదు నువ్వు," అన్నాడు.

ఆవిడకు తల కొట్టేసినట్టయింది. అడగబోయింది. ఇప్పుడు అడిగితే బాగుండదని కూడా ఆవిడకే తెలిసి నోరు మూసుకుంది.

"నేను వద్దన్నాను," అన్నాడు తమ్ముడు. గొంతు పెంచలేదు, రాత్రంతా మేలుకున్న గొంతు పెంచినా పెరిగేది కాదు. "ఇంట్లోనే ఎవరినైనా తోడు పెట్టుకుందామన్నాను. నువ్వేమన్నావ్? తొంభై ఆరు మార్కులు వేశానురా, ఊరు మొత్తమ్మీద ఇంతకంటే మంచి చోటు లేదన్నావ్. నీ సంతకం చూసి నమ్మి వదిలిపెట్టొచ్చాను. అదే వేరే ఎవరి సంతకమో అయితే, అనుమానంతోనైనా నాలుగుసార్లు ఎక్కువ వెళ్ళి చూసొచ్చేవాణ్ణి."

"పద, ఆసుపత్రికి వెళ్దాం."

"పదకొండు గంటల దాకా లోపలికి రానివ్వరు, పరీక్షలు చేస్తున్నారు. అమ్మ కళ్ళజోడు ఆ కేంద్రంలోనే ఉండిపోయింది. అది లేకుండా ఎవరు వచ్చారో కూడా తెలియడం లేదు ఆవిడకి. ముందు అది తేవాలి."

ఇద్దరూ బస్సెక్కారు. తమ్ముడు కిటికీ వైపు తిరిగి కూర్చున్నాడు. ఆవిడ ఒళ్ళో సంచి పెట్టుకుని అమ్మ గురించి ఆలోచించింది. నలభై ఏళ్ళు కుట్టుమిషను మీద వంగి ఇద్దరినీ చదివించిన మనిషి. చేతికుట్టు వేసేటప్పుడు మందపాటి గుడ్డలోకి సూది దిగకపోతే ఉత్త వేలితో నెట్టి దింపేది. ఆ కుడిచేతి చూపుడువేలి చివర చర్మం కాయ కాసి గట్టిపడిపోయింది. అలాంటి అమ్మ మోకాళ్ళు పట్టేసి, పొయ్యి మీద గిన్నె పెట్టి మరిచిపోవడం మొదలుపెట్టాక, తమ్ముడింట్లో పగలంతా ఒంటరిగా ఉంచడానికి భయపడి తనే ఈ ఏర్పాటు చేసింది.

అయితే అసలు సంగతి చెప్పాలి కదా. ఆ బస్సులో ఆవిడ మనసులో మెదిలిన కోరిక ఒక్కటే. అమ్మ ఆ గంట నొక్కి ఉండకూడదు. కంగారులో మరిచిపోయి ఉండాలి, తాడు అందకపోయి ఉండాలి. నొక్కలేదని తేలితే ఈ పాపం తనది కాదు. కన్నతల్లి నేల మీద పడి ఉంటే కూతురు కోరుకోవలసిన కోరికేనా ఇది? సిగ్గుతో చచ్చిపోయింది, అయినా కోరుకోవడం మానలేకపోయింది.

సంరక్షణ కేంద్రం ఎప్పట్లాగే తళతళలాడుతోంది. వరండా గోడకు అద్దం ఫ్రేములో ఆవిడ సంతకంతో ఉన్న యోగ్యతాపత్రం. ఆవిడను చూడగానే లోపల కాళ్ళ చప్పుళ్ళు, తలుపులు వేసిన చప్పుళ్ళు. మేనేజరు ఎదురొచ్చి, చాలా బాధాకరమైన విషయమనీ, పెద్దవాళ్ళు చెప్పిన మాట వినరనీ ఏదో మొదలుపెట్టాడు. ఆవిడ ఆగలేదు. వసారా చివరి దాకా నడిచి పదకొండో గది తలుపు తోసింది.

మంచం పక్క సరిగ్గా తను చెప్పినట్టే తాడు ఉంది, చివర ఎర్ర బుడిపె ఉంది. నొక్కింది. చప్పుడు లేదు. మళ్ళీ నొక్కింది, ఈసారి బొటనవేలితో, పళ్ళు బిగబట్టి. వసారాలో చీమ చిటుక్కుమనలేదు.

తమ్ముడు గుమ్మంలో నిలబడి చూస్తున్నాడు.

ఆవిడ పదో గదిలోకి వెళ్ళింది. అక్కడ కిటికీ పక్కన బక్కపలచటి ముసలావిడ ఒకరు మంచం మీద కూర్చుని ఉంది. ఆ గది గంట కూడా నొక్కితే పలకలేదు. ముసలావిడ జాలిగా చూసి, "గట్టిగా నొక్కాలమ్మా. అది గట్టిగా నొక్కితేనే పలుకుతుందట," అంది.

తొమ్మిది, ఎనిమిది, ఏడు. ఒక్కో గదిలోంచి ఒక్కో జత కళ్ళు ఆవిడ చేతి వైపే చూశాయి. ఏదీ పలకలేదు. చివరికి మొదటి గదిలో వేలు ఆనించగానే ఆయాల గదిలో గంట ఖంగున మోగింది. అక్కడున్న ఆయా అలవాటు కొద్దీ పరుగెత్తుకొచ్చి, ఎదురుగా ఉన్నది ఎవరో చూసి గతుక్కుమంది.

"మిగతావి ఎందుకు పలకవు?" అడిగింది ఆవిడ.

ఆయా మేనేజరు వైపు చూసింది. ఆయన పైకప్పు వైపు చూస్తున్నాడు.

"వర్షానికి వైర్లు తడిసి ఊరికే మోగుతుంటే తీసేశారు మేడమ్. ఏడాది దాటింది. మళ్ళీ కలపలేదు."

"మరి తనిఖీలో?"

"మీరెప్పుడూ మొదటి గదిదే కదా నొక్కేది," అంది ఆయా. ఎత్తిపొడుపు లేదు ఆ గొంతులో, ఉన్న మాట చెప్పింది. "అందుకని ఇదొక్కటీ ఉంచారు. ఇప్పుడొచ్చే సారు కూడా ఇదే నొక్కుతారు."

ఇప్పుడొచ్చే సారుకు పని నేర్పింది ఆవిడే. సొంత మనిషి చేరిన కేంద్రాన్ని తనిఖీ చేయకూడదనే నియమం ఉంది కాబట్టి, అమ్మను చేర్చిన రోజే ఫైలు అతని బల్ల మీద పెట్టి చేతులు దులుపుకుంది. మొదటి గదిలోకి వెళ్ళు, గంట నొక్కు, గడియారం చూసుకో, నిమిషంలో మనిషి వస్తే ఫారంలో 'అవును' అని గీటు పెట్టు, అని నేర్పింది. ఫారంలో గంటకు ఉన్నది ఒక్క గడే మరి. పదకొండు గదులకు ఒక్క గీటు. పదహారేళ్ళుగా ఫ్రిజ్ డిగ్రీలు, మెట్ల ఎత్తులు కళ్ళలో వత్తులు వేసుకుని చూసిన మనిషి గంట నొక్కి చూడడానికి వసారా చివరి దాకా నడవలేదు.

అక్కడే నిలబడి పై అధికారికి ఫోన్ చేసింది. ఉన్నదంతా చెప్పింది. ఈ కేంద్రానికే కాదు, తను సంతకం పెట్టిన ప్రతి కేంద్రానికీ వేరే మనిషిని పంపమంది. అవతల ఆయన "ఎన్ని ఉంటాయి?" అని అడిగితే వేళ్ళ మీద లెక్క మొదలుపెట్టి మధ్యలో ఆపేసింది. తమ్ముడు అమ్మ కళ్ళజోడు తుడిచి జేబులో పెట్టుకుని బయటికి నడిచాడు.

ఆసుపత్రిలో అమ్మ తెల్లటి దుప్పటి కింద చిన్నపిల్లంత ఉంది. ఈ వయసులో ఆపరేషన్ చేసినా నడక కష్టమేనని, గుండె తట్టుకుంటుందో లేదో చూడాలని డాక్టరు అంతకుముందే తమ్ముడికి చెప్పాడట. తమ్ముడు కళ్ళజోడు పెట్టాక అమ్మ కళ్ళు మెల్లగా కూతురి మీద నిలిచాయి.

"వచ్చావా పెద్దమ్మాయ్. ఆఫీసు మానేశావా?"

"ఎలా ఉందమ్మా?" ఆ ప్రశ్న అడిగే హక్కు తనకు లేదన్నట్టు తమ్ముడి వైపు చూసి మరీ అడిగింది.

"నాకేం. నీకే మాట తెచ్చిపెట్టాను." అమ్మ దుప్పటి కిందినుంచి కుడిచెయ్యి బయటికి తీసింది. చూపుడువేలు కమిలి, గోరు పక్కన రక్తం గడ్డకట్టి ఉంది. "నొక్కుతూనే ఉన్నానే. తాడు అందింది. చాలాసేపు నొక్కాను. కానీ వేలిలో బలం పోయింది తల్లీ. దుప్పట్లు కుట్టిన వేలు, చిన్న బుడిపె నొక్కలేకపోయింది."

ఆవిడ మంచం కడ్డీ పట్టుకుంది.

"గంట పలకడం లేదేమోనని ఆమధ్య నీతో అంటే, గట్టిగా నొక్కమ్మా, నేను చూశాను, అది పలుకుతుంది అన్నావు కదా. అప్పటినుంచీ రోజూ నొక్కి చూస్తున్నా. గట్టిగానే నొక్కుతున్నా అనుకున్నా. ముసలితనం, ఏం చేస్తాం."

నిజమే, తను అలాగే అంది. అమ్మను చూసి వెళ్ళిపోతూ, ఆ గది గుమ్మంలో చెప్పులు వేసుకుంటూ, ఫోను చూసుకుంటూ అంది. తల ఎత్తి అమ్మ వేలి వైపు కూడా చూడలేదు ఆ రోజు.

"అమ్మా," అంది. అబద్ధం ఆడడానికి ఒక్క క్షణం సందు ఉంది. ముసలి ప్రాణం, తన వేలిదే తప్పనుకుంటూ ఉండిపోయినా అడిగేవాళ్ళు లేరు. తమ్ముడు తల దించుకుని కూర్చున్నాడు. "నీ వేలికేం కాలేదమ్మా. ఆ గంటకు వైరే లేదు. మొదటి గదిది నొక్కి అన్నీ పలుకుతాయని రాశాను. తనిఖీకి నీ గది దాకా రాలేదు నేను. నువ్వు చెప్పినా వినలేదు."

మంచం కడ్డీకి నుదురు ఆనించి, వయసు మరిచి, చుట్టూ రోగులున్నారని మరిచి వెక్కి వెక్కి ఏడ్చింది. తమ్ముడు లేచాడు. తను కూర్చున్న బల్లను అక్క వెనక్కి జరిపి, భుజం పట్టి కూర్చోబెట్టాడు. చెయ్యి మాత్రం భుజం మీదనుంచి తీయలేదు.

అమ్మ తిట్టలేదు, ఊరడించనూ లేదు. చాలాసేపు తన వేలినే తిప్పి తిప్పి చూసుకుంది.

"పదో గదిలో ఆవిడ కూడా రోజూ నొక్కుతుందే," అంది చివరికి. "కాళ్ళు లేవవు పాపం. ఎవరూ రావడం లేదని ఏడుస్తుంటే నేనే చెప్పాను. మా అమ్మాయి పెద్ద ఆఫీసరు, స్వయంగా చూసింది, గట్టిగా నొక్కితే పలుకుతుందని."

ఆవిడ తలెత్తింది. జాలిగా చూసిన ఆ ముసలి ముఖం కళ్ళ ముందు నిలిచింది.

"నా దగ్గర వాడున్నాడు," అంది అమ్మ. "నువ్వు ముందు అక్కడికి వెళ్ళు. ఆవిడ వేలు మంచిదేనని చెప్పు. ఇంక నొక్కొద్దని చెప్పు."

ఆవిడ కళ్ళు తుడుచుకుని లేచింది. ఫారాల సంచి తీసుకోలేదు.